వేషమా? వేగమా?

యంత్రాన్ని తయారైన తీరులోనే వాడుకొని తృప్తిపడేవారు కొందరైతే, దానిని తమ అభిరుచికి తగినట్లు మార్చుకుంటేగాని నిద్రపట్టనివారు మరికొందరు. మోటారుసైకిలు విషయంలో ఈ రెండో కోవకు చెందినవారు అన్ని దేశాలలోనూ కనిపిస్తారు. బండి ఇంటికి వచ్చిన నెలలోపే దాని అద్దాలు, హ్యాండిలు, సైలెన్సరు మారిపోవడం సర్వసాధారణం. అమెరికాలో కొన్ని దశాబ్దాలుగా సాగుతున్న ఒక ప్రయోగం మాత్రం ఈ చిన్న సరదాల పరిధిని దాటి, మోటారుసైకిలు ప్రియుల నడుమ తీవ్రమైన వాదోపవాదాలకు కారణమైంది. విశాలమైన రహదారులపై నిటారుగా, తీరికగా కూర్చొని సాగిపోవడానికి నిర్మించిన 'క్రూయిజరు' బండ్లను విప్పి, ముందుకు వంగి వేగంగా నడిపే 'కేఫ్ రేసర్లు'గా మార్చడమే ఆ ప్రయోగం. హార్లే-డేవిడ్సన్ వంటి బండిపై రంపం పెట్టడం అపచారమని కొందరు, ఇది వృథాప్రయాస అని కొందరు, ఇంతకు మించిన సృజన లేదని ఇంకొందరు అంటారు. ఇలా వాదించేవారిలో ఎక్కువమంది బండి వంశాన్ని గురించో రూపాన్ని గురించో మాట్లాడతారు. ఆ బండి మలుపులో ఎలా తిరుగుతుంది, ఆపవలసినచోట ఆగుతుందా అని అడిగేవారు తక్కువ. రహదారిపై ప్రాణం నిలిచేది ఈ రెండో ప్రశ్నకు వచ్చే సమాధానం మీదనే.

కేఫ్ రేసర్‌కు పుట్టిల్లు ఇంగ్లండు. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన తరవాత, 1950 దశకంలో, అక్కడి శ్రామిక కుటుంబాల యువకుల చేతికి తొలిసారిగా కాస్త డబ్బు వచ్చింది. కారు కొనగల స్తోమత లేదు. పాత మోటారుసైకిలు కొనగలరు. లండన్ నగరాన్ని ఉత్తరదిశగా చుట్టివచ్చే రహదారి పక్కన ఏస్ కేఫ్ అనే ఫలహారశాల ఉన్నది. 1938లో ప్రారంభమైన ఆ కేఫ్ యుద్ధకాలంలో వైమానిక దాడికి గురై, 1949లో పునర్నిర్మితమైంది. లారీ డ్రైవర్లతోపాటు ఈ యువకులకూ అదే కూడలి. టీ తాగడం, పాటలు వినడం, ఒక కేఫ్ నుంచి మరొక కేఫ్‌కు పందెం వేసుకొని దూసుకుపోవడం వారి వినోదం. గంటకు 100 మైళ్ల వేగాన్ని, అంటే సుమారు 160 కిలోమీటర్లను, అందుకోవడం వారికి మగతనానికి పరీక్ష. పెట్టెలో పాట మొదలైనప్పుడు బయలుదేరి, అది ముగిసేలోగా తిరిగి రావాలనే పందెం గురించి కథలుగా చెప్పుకొనేవారు. 1965 చివరిదాకా ఊళ్ల వెలుపలి రహదారులపై వేగపరిమితి లేకపోవడం ఈ ఉద్రేకానికి తోడైంది. ఆ సరదాకు మూల్యంగా ప్రాణాలు పోగొట్టుకున్న యువకులూ ఉన్నారు. పత్రికలు వారిని రౌడీలుగా చిత్రించాయి. లండన్‌లో ఒక చర్చి గురువు మాత్రం 1962లో తమ యువజన సంఘంలో మోటారుసైకిలు విభాగం ప్రారంభించి, వారిని ఆదరంతో లోపలికి పిలిచాడు. '59 క్లబ్' పేరుగల ఆ సంఘం నేటికీ ఉన్నది.

వారి బండ్ల రూపం ఎవరో చిత్రకారుడు గీసి ఇచ్చినది కాదు. వేగానికి అడ్డు వచ్చిన ప్రతిదానినీ తీసివేయగా మిగిలిన రూపమది. ఎత్తయిన హ్యాండిలు పోయి, ఫోర్కులకే బిగించే పొట్టి హ్యాండిళ్లు వచ్చాయి. ఫుట్‌రెస్టులు వెనక్కి జరిగాయి. సీటు ఒక్కరికే పరిమితమై, వెనుక చిన్న మూపురంతో ముగిసింది. ఇంత చేసినా సరిపోదనుకున్నవారు మరొక అడుగు ముందుకు వేశారు. ఆ రోజులలో నార్టన్ బండ్ల ఫ్రేముకు మలుపులలో తిరుగులేదని పేరు. బెల్‌ఫాస్టుకు చెందిన రెక్స్ మెక్‌కాండ్‌లెస్ రూపొందించిన ఆ ఫ్రేము 1950లో రేసులలోకి వచ్చింది. ఇంజను విషయంలో మాత్రం ట్రయంఫ్‌ది పైచేయి. చిన్న రేసు కార్లు కట్టుకొనేవారు నార్టన్ బండ్లు కొని, ఇంజన్లు ఊడదీసుకొని, ఫ్రేములను అమ్మివేసేవారు. ఆ ఫ్రేములలో ట్రయంఫ్ ఇంజన్లను అమర్చగా పుట్టినదే 'ట్రైటన్'. కేఫ్ రేసర్లలో అగ్రగణ్యమని నేటికీ కీర్తి పొందుతున్న ఈ బండి ఏ కర్మాగారంలోనూ తయారు కాలేదు. అది రెండు కంపెనీల సంకరం. బ్రిటిష్ బండి తప్ప మరేదీ కేఫ్ రేసర్ కాజాలదని నేడు వాదించే శుద్ధతావాదులు ఈ పుట్టుకను మరచిపోవడం విచిత్రం.

అమెరికాలో చరిత్ర వేరుగా నడిచింది. అక్కడి దూరాలు పెద్దవి, రహదారులు తిన్ననివి. గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చోవాలంటే సీటు తగ్గుగా, హ్యాండిలు చేతికి అందేటంత ఎత్తుగా, పాదాలు ముందుకు చాచుకొనేటట్లుగా ఉండాలి. యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులు బండ్ల మడ్‌గార్డులు కత్తిరించి బరువు తగ్గించుకొన్నారు. 1960 దశకం వచ్చేసరికి ఆ కత్తిరింపు వేగం కోసం కాక విలాసం కోసం సాగింది. పొడవైన ఫోర్కుల 'చాపర్లు' పుట్టాయి. ఇళ్లలోని షెడ్లలో జరుగుతున్న ఈ మార్పులను చూసి హార్లే-డేవిడ్సన్ సంస్థ 1971లో సూపర్ గ్లైడ్ అనే బండిని తానే తయారుచేసింది. దీని రూపకర్త విల్లీ జి. డేవిడ్సన్. ఆయన సంస్థాపకులలో ఒకరికి మనుమడు. నేడు క్రూయిజరు అని పిలుస్తున్న బండికి ఒక తీరు ఏర్పడడంలో ఆ నమూనా పాత్ర పెద్దది.

దీనినిబట్టి అమెరికా బండికి రేసులతో సంబంధం లేదనుకోవడం పొరపాటు. 1911లో ఐల్ ఆఫ్ మాన్ దీవిలో జరిగిన సీనియర్ టీటీ రేసులో మొదటి మూడు స్థానాలనూ దక్కించుకున్నవి అమెరికాకు చెందిన 'ఇండియన్' బండ్లు. అది బ్రిటన్ గడ్డ. పర్వతమార్గంపై రేసు జరగడం అదే మొదటిసారి. ఆరు దశాబ్దాల తరవాత, 1972లో, కాల్ రేబోర్న్ అనే అమెరికన్ అప్పటికే పాతబడిన హార్లే రేసు బండితో ఇంగ్లండు వెళ్లి, తానెన్నడూ చూడని ట్రాకులపై ఆరు రేసులలో మూడింటిని గెలిచాడు. అక్కడి ప్రేక్షకులు ఆ ఇంజను మోతను వింటూ నివ్వెరపోయి ఉంటారు. హార్లే ఇంజనుకు వేగం పనికిరాదనేవారికి ఈ రెండు ఉదాహరణలు చాలు.

ఇక బండ్లు నడిపేవారి మనోభావాలను పరిశీలించవలసి ఉన్నది. సంస్థ చిహ్నాన్ని ఒంటిపై పచ్చబొట్టుగా పొడిపించుకొనే అభిమానులు ఉన్న కంపెనీలు ప్రపంచంలో ఎన్నో లేవు. హార్లే అటువంటిది. దాని సంప్రదాయ అభిమానికి ఆ తగ్గు సీటు, వెడల్పు హ్యాండిలు, గుండెను తట్టినట్లుండే చప్పుడు కలిస్తేనే బండి. అందులో ఏ ఒక్కటి తీసినా విగ్రహానికి చేయి విరిచినట్లే భావిస్తాడు. అటువైపు రేసు బండ్లు నడిపేవాడు ఈ ప్రయత్నాన్ని చూసి, పులిని చూసి నక్క వాత పెట్టుకున్నదని నవ్వుతాడు. అంత డబ్బూ శ్రమా పోసే బదులు మలుపులకోసమే పుట్టిన బండిని కొనుక్కోరాదా అన్నది అతని ప్రశ్న. 2004లో ట్రయంఫ్ సంస్థ థ్రక్స్‌టన్ పేరుతో కేఫ్ రేసర్‌ను కర్మాగారంలోనే తయారుచేసి అమ్మకానికి పెట్టిన తరవాత ఈ ప్రశ్నకు బలం చేకూరింది. బండిని మార్చేవాడు మాత్రం ఇద్దరినీ పట్టించుకోడు. కొనుక్కున్నది తనది, కట్టుకున్నది తనది అన్న భేదం అతనికి తెలుసు. స్వహస్తాలతో విప్పి, అరగదీసి, వెల్డింగు చేసి, తిరిగి బిగించిన బండిపై మొదటిసారి బయలుదేరినప్పటి ఆనందాన్ని దుకాణంలో అమ్మరు.

ఈ వివాదం ఎంత పాతదో తెలియజేసే బండి ఒకటి ఉన్నది. 1977లో హార్లే-డేవిడ్సన్ సంస్థ ఎక్స్‌ఎల్‌సీఆర్ అనే నమూనాను విడుదల చేసింది. ఆ పేరులోని చివరి రెండు అక్షరాలకు కేఫ్ రేసర్ అనే అర్థం. ఇంజను నుంచి సైలెన్సరు వరకు అంతా నలుపు. చిన్న గాలితెర, ఒంటరి సీటు, ముందు చక్రానికి రెండు డిస్క్ బ్రేకులు, రేసు బండిని అనుసరించి మార్చిన వెనుక ఫ్రేము దాని విశేషాలు. దానిని రూపొందించినవాడు మరెవరో కాదు, సూపర్ గ్లైడ్‌ను సృష్టించిన విల్లీ జి. డేవిడ్సనే. ఒకే మనిషి చేతి నుంచి ఆరేళ్ల వ్యవధిలో క్రూయిజరూ, కేఫ్ రేసరూ రెండూ వెలువడ్డాయి. ఈ రెండు సంప్రదాయాలు పుట్టుశత్రువులన్న మాట దీనితో తేలిపోతుంది.

అయినా ఎక్స్‌ఎల్‌సీఆర్ అమ్ముడుపోలేదు. హార్లే అభిమానికి అది హార్లేలా కనిపించలేదు. వేగం కోరేవానికి అదే ధరకు అంతకంటె చురుకైన జపాను బండ్లు అందుబాటులో ఉన్నాయి. రెంటికీ చెడ్డ రేవడి అయిన ఆ నమూనాను మూడు వేలకు కొంచెం మించి తయారుచేసి, 1979 నాటికి సంస్థ నిలిపివేసింది. దుకాణాలలో దుమ్ముపట్టిన ఆ బండ్లకోసమే నేడు సేకర్తలు పోటీపడుతున్నారు. ఓడలు బండ్లు, బండ్లు ఓడలు కావడమంటే ఇదే. దానికోసం మార్చిన ఫ్రేము పద్ధతి తరవాతి స్పోర్ట్‌స్టర్ బండ్లకు ఉపయోగపడింది. అభిమానులు తిరస్కరించిన బండిలోని మేలు వారు మెచ్చిన బండ్లలోకి చడీచప్పుడు లేకుండా చేరిపోయింది.

నేడు ఇళ్లలో, చిన్న చిన్న షెడ్లలో కేఫ్ రేసర్‌గా మారుతున్న అమెరికా బండ్లలో అత్యధికం స్పోర్ట్‌స్టర్లే. 1957లో మొదలైన ఈ శ్రేణి హార్లే కుటుంబంలో సవతిబిడ్డ వంటిది. పెద్ద హార్లేలు నడిపేవారు దానిని సగం హార్లే అని, నేర్చుకొనేవారి బండి అని చిన్నచూపు చూశారు. ఆ చిన్నచూపే దానికి మేలు చేసింది. పాత స్పోర్ట్‌స్టర్ తక్కువ ధరకు దొరుకుతుంది. కోసినా కొట్టినా కళ్లనీళ్లు పెట్టుకొనేవారు తక్కువ. పెద్ద హార్లేల కంటె అది సన్ననిది, తేలికైనది. విడిభాగాలకు కొదవ లేదు. 883 సీసీ ఇంజనులో పిస్టను ప్రయాణించే దూరం 1200 సీసీ ఇంజనులో ఉన్నంతే. సిలిండరు వ్యాసం మాత్రమే 76.2 మిల్లీమీటర్ల నుంచి 88.9కి పెరుగుతుంది. కనుక సిలిండర్లను, పిస్టన్లను మార్చి చిన్న ఇంజనును పెద్దదిగా చేసుకోవడం అక్కడి మెకానిక్కులకు వెన్నతో పెట్టిన విద్య. అన్నట్లు, స్పోర్ట్‌స్టర్‌కు ముద్దుపేరు తెచ్చిన వేరుశనగ కాయ వంటి చిన్న పెట్రోలు ట్యాంకు కూడా దాని సొంతం కాదు. 1958లో అదే సంస్థ తయారుచేస్తున్న 125 సీసీ బండి నుంచి తెచ్చి తగిలించినది. సంప్రదాయవాదులు పవిత్రమని భావించే ఆ రూపమూ ఒకనాటి అరువే.

వంశశుద్ధి వాదం ఇలా నిలబడకపోయినా, రేసు బండ్లవారి ఎగతాళిని అంత తేలికగా కొట్టివేయడానికి వీలులేదు. మార్చిన బండ్లలో అనేకం పైన పటారం, లోన లొటారం. హ్యాండిలు తగ్గించి, మూపురం సీటు తగిలించి, సైలెన్సరుకు గుడ్డపట్టీలు చుట్టి, నల్లరంగు పూస్తే కేఫ్ రేసర్ తయారైందనుకొనేవారు ఎక్కువ. లోపల ఉన్నది మాత్రం అదే క్రూయిజరు. ఈ తేడా ఎక్కడ బయటపడుతుందో కాస్త వివరంగా చూడవలసి ఉన్నది.

క్రూయిజరుపై కూర్చున్నవాని బరువు నడుముమీద, వెనుకచక్రంమీద పడుతుంది. కేఫ్ రేసర్‌పై చేతులు కిందికి, పాదాలు వెనక్కి, ఛాతీ ముందుకు వస్తాయి. ఎదురుగాలి ఛాతీని మోస్తుంది. ఈ మూడూ కలిసి మారితేనే భంగిమ కుదురుతుంది. హ్యాండిలు ఒక్కటే తగ్గించి, ఫుట్‌రెస్టులను ముందే ఉంచితే నడిపేవాడు మడతకత్తిలా రెండుగా వంగిపోతాడు. గంట గడిచేసరికి నడుము, మణికట్లు మొరాయిస్తాయి. అంతకంటె ముఖ్యంగా, అత్యవసరమైన వేళ పాదాలపై లేచి బరువు మార్చుకొనే అవకాశం అతనికి ఉండదు. ఫుట్‌రెస్టులను వెనక్కి జరపడం చెప్పినంత సులభం కాదు. గేరు మీటకు, బ్రేకు మీటకు కొత్త కడ్డీలు అమర్చాలి. స్పోర్ట్‌స్టర్‌కు రెండు సైలెన్సర్లూ కుడివైపునే ఉంటాయి గనుక బ్రేకు మీటకు చోటు వెతకడం ఒక పరీక్ష. కాలిఫోర్నియాలోని స్టోర్జ్ వంటి సంస్థలు ఈ భాగాలను ప్రత్యేకంగా తయారుచేసి అమ్మడానికి కారణం ఇదే. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

తరవాతి సమస్య నేలకు, బండికి నడుమ ఉండే ఎడం. ఆకర్షణ కోసం స్పోర్ట్‌స్టర్లలో కొన్నింటికి వెనుక షాక్ అబ్జార్బర్లను మరీ పొట్టివి పెట్టారు. అటువంటి బండిని మలుపులో కొంచెం వంచగానే ఫుట్‌రెస్టు, సైలెన్సరు నేలను గీరుతాయి. వంగలేని బండికి రేసరు హ్యాండిలు పెట్టడం నేల విడిచి సాము చేయడమే. పొడవైన షాక్ అబ్జార్బర్లు అమర్చితే రెండు మేళ్లు కలుగుతాయి. ఎడం పెరుగుతుంది, వెనుకభాగం లేవడంవల్ల ముందు ఫోర్కులు కాస్త నిటారు అవుతాయి. ఇరుసుల మధ్య దూరం సుమారు 1,500 మిల్లీమీటర్లు ఉన్న బండిని వెనుక 50 మిల్లీమీటర్లు ఎత్తితే ఫోర్కుల కోణం దాదాపు 2 డిగ్రీలు తగ్గుతుంది. ఈ స్వల్పమైన తేడాకే బండి మలుపు తిరగడానికి ముందుకంటె సుముఖంగా ఉంటుంది. అప్పుడు పక్కస్టాండు పొట్టిదై, నిలబెట్టిన బండి మరీ వాలిపోతుంది, దానినీ మార్చాలి. ఒకటి మారిస్తే మరొకటి అడుగుతుంది. యంత్రం ఎప్పుడూ అవయవాల సముదాయమే.

బ్రేకుల సంగతి మరీ ముఖ్యం. సుమారు 250 కిలోల బరువుగల బండికి ముందు ఒకే డిస్క్, మెత్తని స్ప్రింగులు ఉన్న సన్నని ఫోర్కులు ఉన్నప్పుడు, నడిపేవాని బరువునుకూడా ముందుకు తెచ్చి వేస్తే బ్రేకు నొక్కిన ప్రతిసారీ ముందుభాగం కుంగిపోతుంది. గట్టి స్ప్రింగులు, మంచి టైర్లు, వీలైతే రెండో డిస్క్ కావాలి. వీటికి అయ్యే ఖర్చు రంగులకు, సీటుకు అయ్యేదానికంటె ఎక్కువ. చూసేవారికి ఇవేవీ కనిపించవు. కనిపించని పనికి డబ్బు పెట్టడానికి చేయి రాకపోవడంలోనే ఈ కళకు పట్టిన తెగులంతా ఉన్నది.

ఇంజను గురించి ఒక మాట. హార్లేలో రెండు సిలిండర్ల మధ్య కోణం 45 డిగ్రీలు. రెండు పిస్టన్లూ క్రాంకుపై ఒకే పిన్నును పట్టుకొని ఉంటాయి. అందువల్ల పేలుళ్లు సమానమైన విరామంతో జరగవు; ఒకటి 315 డిగ్రీలకు, మరొకటి 405 డిగ్రీలకు జరుగుతాయి. ప్రఖ్యాతమైన ఆ కుంటి లయకు కారణం ఇదే. దానితోపాటు అదురూ వస్తుంది. 2004లో ఇంజనును రబ్బరు దిమ్మలపై అమర్చి సంస్థ అదురును తగ్గించింది. బండి బరువు మాత్రం పెరిగింది. చేతులపై బరువు మోపి కూర్చొనేవానికి పాత ఇంజను అదురు నేరుగా అరచేతులలోకి వస్తుంది. అందుచేత పాతది తేలిక, కొత్తది సౌఖ్యం. ఏది ఎంచుకోవాలో కట్టుకొనేవాడు ముందే తేల్చుకోవాలి.

ఈ ఇంజనును సరైన ఫ్రేములో పెడితే ఎంత దూరం పోవచ్చునో ఎరిక్ బ్యూయెల్ నిరూపించాడు. హార్లేలో ఇంజనీరుగా పనిచేసిన ఈ రేసరు 1983లో సొంత సంస్థ స్థాపించి, 1987లో హార్లే ఇంజనుతో పూర్తిస్థాయి రేసు తరహా బండిని తయారుచేశాడు. ఆ తరవాత హార్లే ఆయన సంస్థలో భాగస్వామి అయింది. 2002లో వచ్చిన ఫైర్‌బోల్ట్‌లో స్పోర్ట్‌స్టర్ వంశానికి చెందిన 984 సీసీ ఇంజనే ఉన్నది. కాని పెట్రోలు ఫ్రేములోనే నింపేవారు. ఇరుసుల మధ్య దూరం 1,320 మిల్లీమీటర్లు. ఫోర్కుల కోణం 21 డిగ్రీలు. స్పోర్ట్‌స్టర్‌లో ఆ కోణం 30 డిగ్రీలకు అటూఇటూ ఉంటుంది. ఒకే వంశపు ఇంజను ఒకచోట తీరికగా విహరించగా, మరొకచోట మలుపులను వెతుక్కుంటూ పోయింది. తేడా అంతా జ్యామితిలో ఉన్నది. అయితే హార్లే 2009 అక్టోబరులో బ్యూయెల్ బండ్ల తయారీని ఆపివేస్తున్నట్లు ప్రకటించింది. ఎక్స్‌ఎల్‌సీఆర్‌కు పట్టిన గతి కొంతవరకు దీనికీ పట్టింది. దుకాణంలో హార్లే అడిగేవాడు దీనిని అడగలేదు. దీనిని మెచ్చేవాడు హార్లే దుకాణంలోకి అడుగుపెట్టలేదు. యంత్రంలోని లోపాలకంటె నడిపేవారి మనసులోని గోడలు బలమైనవని ఈ రెండు బండ్ల చరిత్ర తెలుపుతున్నది.

రేసు బండ్లవారి ప్రశ్నకు ఇక్కడ కొంత సమాధానం లభిస్తుంది. స్పోర్ట్‌స్టర్‌ను ఎంత మార్చినా అది ఫైర్‌బోల్ట్ కాదు, థ్రక్స్‌టన్ కూడా కాదు. ఫ్రేము మెడ కోసి తిరిగి అతికితే తప్ప 30 డిగ్రీలు 21 కావు. ఆ పని అనుభవజ్ఞుడైన వెల్డరుకే చెల్లు. వచ్చీరాని చేతితో అతికిన అతుకు ఒకనాడు రోడ్డుమీద విడిపోతుంది. కనుక గెలుపు కోసం ఈ పనికి దిగడం తెలివితక్కువ. ఉన్న బండి స్వభావాన్ని అర్థం చేసుకొని, దాని లోపాలను ఒక్కొక్కటిగా సవరించి, నిన్నటికంటె నేడు మేలైన బండిని నడపాలనుకొనేవాని శ్రమ మాత్రం గౌరవించదగినది. ఏస్ కేఫ్ కుర్రవాళ్లు చేసినదీ అదే. వారికి అందుబాటులో ఉన్నది బ్రిటిష్ బండి గనుక దానిని మార్చుకున్నారు. అమెరికా కుర్రవాడి ఇంటి షెడ్డులో ఉన్నది స్పోర్ట్‌స్టర్ గనుక అతడు దానినే మార్చుకుంటున్నాడు.

సొంత బండి, సొంత ఇష్టం అన్న వాదానికి హద్దు ఎక్కడ అనే విషయంలో దేశానికొక తీరు ఉన్నది. జర్మనీలో మార్చిన భాగాలను సాంకేతిక తనిఖీ సంస్థ పరీక్షించి ఆమోదించాలి. అమెరికాలో రాష్ట్రానికొక నియమం. అనేక రాష్ట్రాలలో ఏటేటా తనిఖీ అన్నదే లేదు. భారతదేశంలో తయారీదారు నిర్దేశించిన ప్రమాణాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అందువల్ల ఇక్కడ కేఫ్ రేసర్ కోరేవారికి నిరపాయమైన మార్గం కర్మాగారం నుంచే ఆ రూపంలో వచ్చే బండిని కొనడం. చెన్నైకి చెందిన రాయల్ ఎన్‌ఫీల్డ్ ఆ కోరికను గుర్తించి, 1960 దశకంలో తన బ్రిటిష్ మాతృసంస్థ వాడిన కాంటినెంటల్ జీటీ పేరును 2013లో పునరుద్ధరించింది. 2018లో దానిని 650 సీసీ ఇంజనుతో మరల తీర్చిదిద్దింది. జర్మనీ పద్ధతి కొందరికి కఠినంగా తోచవచ్చు. కాని బండి మార్చేవాని స్వేచ్ఛకూ, ఎదురుగా వచ్చే మనిషి భద్రతకూ చోటిచ్చే ఏర్పాటు వీటిలో అదొక్కటే. మార్చవద్దని అది చెప్పదు. మార్చినది నిలుస్తుందో లేదో చూపించమంటుంది. అమెరికాలో ఆ పరీక్ష పెట్టేవారు లేనిచోట కట్టినవాడే ఆ పరీక్ష పెట్టుకోవాలి.

గాలితో చల్లబడే పాత తరహా స్పోర్ట్‌స్టర్ల తయారీ 2022 నమూనాలతో ముగిసింది. 2021 నుంచి వస్తున్న కొత్త స్పోర్ట్‌స్టర్లలో ఇంజను నీటితో చల్లబడుతుంది. ఇంజనే ఫ్రేములో భాగంగా బరువు మోస్తుంది. దాని పనితీరు అంతా ఎలక్ట్రానిక్ వ్యవస్థ అధీనంలో ఉంటుంది. రంపము, వెల్డింగు పరికరము మాత్రమే ఉన్నవానికి అది లొంగదు. కాబట్టి ఇకమీదట కేఫ్ రేసర్ కావలసినవన్నీ ఇప్పటికే రోడ్డుమీద ఉన్న పాత బండ్లలో నుంచే రావాలి. వాటి సంఖ్య తగ్గుతుందేగాని పెరగదు. నిన్నమొన్నటిదాకా సగం హార్లే అనిపించుకున్న బండిని వెనుక ఫ్రేము కోసివేసే ముందు ఆలోచించవలసిన రోజులు వచ్చాయి. కోసిన ఫ్రేము తిరిగి రాదు. ఈ సంగతి ఎరిగిన కొందరు నిర్మాతలు ఫ్రేముకు రంపం తగలనీయకుండా, ఉన్న కడ్డీలపైనే కూర్చొనే సీటును, ఉన్న రంధ్రాలలోనే బిగిసే ఫుట్‌రెస్టులను తయారుచేసుకుంటున్నారు. విప్పిన మడ్‌గార్డును, పాత సీటును, వెడల్పు హ్యాండిలును గుడ్డలో చుట్టి, బోల్టులను డబ్బాలో వేసి, షెడ్డు అటకమీద భద్రపరుస్తున్నారు.